నాలుగో బల్ల, కుడి చెవి

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు తల మొదలుపెట్టాం. ఏడు నెలలుగా మా బల్ల మీద పడుకుని ఉన్న ఆయన చేతులు, గుండె, మోకాళ్లు నాకు నా పుస్తకాల కన్నా బాగా తెలుసు. ముఖం మాత్రం తెలీదు. ఎప్పుడూ తడిగుడ్డ కిందే ఉండేది. బాబాయ్ గుడ్డ తీస్తుంటే నేను కిటికీ వైపు తిరిగాను. మా బల్లవాడే, పొడుగోడు చూశాడు. మామూలు ముఖమే, బస్సులో ఎదురు సీట్లో కూర్చునేలాంటిదే అన్నాడు. అది విన్నాక ఇంకా భయం వేసింది.

బాబాయ్ అంటే మా అనాటమీ ల్యాబ్ అటెండరు. ఇరవై రెండేళ్లుగా ఈ ఒక్క గదిలోనే పనిచేస్తున్నాడు. మేలో రిటైరవుతాడు. మేడమ్ మాకు కోయడం నేర్పిస్తే, కోసింది ఎక్కడ పెట్టాలో బాబాయ్ నేర్పించాడు. బల్లకొక తెల్ల డబ్బా. మాది నాలుగో బల్ల. మేం తీసిన ప్రతిదీ, గోరంత కొవ్వుముక్కైనా సరే, 4 అని రాసున్న డబ్బాలోకే పోవాలి. పక్క బల్ల డబ్బాలో పడితే ఊరుకోడు. బల్లలు కడిగిన నీళ్లను కూడా సాయంత్రం పల్చటి గుడ్డలో వడకట్టి, గుడ్డకు అంటుకున్నది దులిపి డబ్బాలో వేస్తాడు. ఏడాది చివర అంతా ఒక పెట్టెలో సర్ది ఇంటివాళ్లకు అప్పగిస్తారు. వాళ్లు వాళ్ల పద్ధతిలో సాగనంపుకుంటారు. ఇక్కడికి ఎవరికి వాళ్లుగా వచ్చారు, ఎవరికి వాళ్లుగానే వెళ్లాలి అంటాడు బాబాయ్. బాడీ అన్న మాట ఆయన నోట నేను వినలేదు. ఆయన, ఆవిడ అంటాడు. అంతే.

ఫిబ్రవరి 5, బుధవారం

చెవి లోపల మూడు ఎముకలు. సుత్తి, అది కొట్టే దాగలి, గుర్రమెక్కడానికి కాలు పెట్టే రికాబు. ఎవరు పెట్టారో గానీ పేర్లు తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అంత చిన్న గదిలో ఒక కమ్మరి కొలిమి, దాని పక్కనే ఎక్కడానికి సిద్ధంగా ఒక గుర్రం. నేను గుర్రాన్ని దగ్గరగా చూసింది కూడా లేదు. రెండు రికాబులు మాత్రం పుట్టినప్పటి నుంచీ మోస్తున్నానన్నమాట.

కుడి చెవి రికాబును నేనే తీశాను. విరగలేదు. బియ్యపుగింజలో సగం ఉంటుందేమో. మధ్యలో కన్నం. మేడమ్ భుజం మీద చెయ్యి వేసి బాగా తీశావంది. ఏడు నెలల్లో ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. పొడుగోడు, ఇక డిక్షనరీని పట్టుకోలేం బాబోయ్ అన్నాడు. నాకు వాడు పెట్టిన పేరు అది.

చెవి ఎముకలకు వేరే గాజుసీసా ఉంటుంది, లోపల దూదితో. రెండు చెవులవి కలిపి ఆరు. నేను సీసాలో ఐదే వేశాను.

ఎందుకో రాస్తాను. ఎవరూ చూడరు కదా. ఈ వారం అసైన్‌మెంట్, ఒక భాగాన్ని ఎంచుకుని పుస్తకం చూడకుండా మన మాటల్లో వర్ణించాలి. ల్యాబ్‌లో మందు ఘాటుకి కళ్లు మండుతుంటాయి, మాట తట్టదు. ఒక్క రోజు ఇంట్లో పెట్టుకుని చూసి, ఎల్లుండి ల్యాబ్‌లో సీసాలో వేసేద్దామనుకున్నాను. కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను. బాబాయ్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. జాగ్రత్తగా వెళ్లిరామ్మా అన్నాడు.

ఫిబ్రవరి 6, గురువారం

పదకొండు వాక్యాలు రాశాను. తొమ్మిది కొట్టేశాను. మిగిలినవి ఇవి: "శబ్దం లోపలికి రావాలంటే ఈ రికాబులో కాలు పెట్టాలి. ఆయన ఇన్నేళ్లూ విన్న ప్రతి మాటా ఈ కన్నం పక్క నుంచే ఎక్కి వెళ్లింది."

ఇంత మంచి వాక్యం ఇంతకు ముందు రాయలేదు.

అమ్మకి తెలిస్తే చంపేస్తుంది. నా ల్యాబ్ కోటును గుమ్మం లోపలికి రానివ్వదు. బయట మేకుకు తగిలించి, స్నానం చేశాకే తన కుట్టుమిషను దగ్గరికి వెళ్లాలి. పెళ్లివాళ్ల బట్టలు కుడుతుంటానే, ఆ గాలి వాటికి తగలకూడదు అంటుంది. బాబాయ్‌కి రెండు చేతులతో పట్టుకోవాల్సింది, అమ్మకి చేత్తో తాకకూడనిది. ఎముక ఒకటే. ఈ సంగతి మీద రేపు ఇంకా రాయాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం, ఉదయం 5:40

పొట్లం లేదు.

రాత్రి అమ్మ నిద్రపోయాక కత్తిరింపుల బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాను, పొట్లం దాని మీదే మరిచిపోయి పడుకున్నాను. లేచి చూస్తే ఆ కాగితంలో గుండీలు ఉన్నాయి. ఊదారంగువి, పన్నెండు. అమ్మని అడిగితే, లోపల సుద్దపొడి ఏదో ఉంటే దులిపేశాను, కాగితం బాగుందని గుండీలు కట్టానంది. ఏం, నోట్సా అంది. కాదన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

నిన్నటి చెత్త బండివాడు తీసుకెళ్లిపోయాడు. అమ్మ బట్టలివ్వడానికి బయటికి వెళ్లగానే గదిలో బోర్లా పడుకుని గచ్చంతా అరచేత్తో తడిమాను. దారపుముక్కలు, సూదులు, కత్తిరించిన అంచులు. తెల్లటివి ముప్ఫై ఏడు దొరికాయి. భూతద్దం కింద ఒక్కొక్కటే పెట్టి చూశాను. అన్నీ అమ్మ గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ల రాలినవే.

ఒక మనిషి చెవి మా ఇంటి గచ్చు మీద ఎక్కడో ఉంది. మేం దాని మీద నడుస్తున్నాం. రోజంతా మునివేళ్ల మీద నడిచాను. కాలికి ముల్లు గుచ్చుకుందా అని అమ్మ అడిగింది. అవునన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్న లేచేసరికి నా కుడి చెవి మూసుకుపోయి ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెవి డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. గుమిలి కూడా లేదు, శుభ్రంగా ఉంది, పరీక్షల టెన్షన్ అయ్యుంటుందన్నాడు. మరి ఎందుకు వినబడటం లేదని అడిగాను. వినబడుతూనే ఉండాలమ్మా అన్నాడు. అలా అంటే వినబడుతుందా?

క్యాంటీన్‌లో పొడుగోణ్ని వేరే దారిలో అడిగాను. ఊరికే అనుకో, ఒక చిన్న ఎముక పోయింది, ఇంటివాళ్లకు ఎప్పటికీ తెలీదు, అప్పుడు నిజంగా ఏమైనా పోయినట్టేనా అని. కాల్షియం పోయినట్టు అన్నాడు. పవిత్రత అనేది ఎముకలో ఉంటే స్లైడ్ మీద పెట్టి చూపించమన్నాడు. లేదంటే అది మన బుర్రలో ఉన్నట్టు, మన బుర్రలో ఉన్నదాన్ని మనం వద్దనుకుంటే పోతుంది అన్నాడు. వాడు చెప్పింది పూర్తిగా సబబుగానే ఉంది. నాకు ఊపిరి ఆడింది. ఇంటికి నడిచి వస్తూ మూడు వీధుల పొడవునా వద్దు, వద్దు అనుకున్నాను. పోలేదు.

లైబ్రరీలో మూడు నిఘంటువులు తీశాను. పవిత్రం అంటే పావనమైనది అని ఉంది. పావనం తీస్తే పవిత్రమైనది అని ఉంది. ఇద్దరు దొంగలు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నట్టు. మాటలు నన్ను ఇలా వదిలేయడం ఇదే మొదటిసారి.

ఒకటి మాత్రం అడగాలి. అది నా బుర్రలోదే అయితే, నేను ఎవరికి భయపడుతున్నాను? కాలేజీ నుంచి తీసేస్తారనా? అదీ ఉంది. ల్యాబ్ నుంచి ఏది బయటికి వెళ్లినా సస్పెన్షన్ అని గోడ మీదే రాసి ఉంది. కానీ ఆ భయం పొట్టలో ఉంది. ఇంకొకటి చెవిలో ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

బాబాయ్ సీసాలు సర్దుతూ మా సీసాలో ఐదే ఉన్నాయని చూశాడు.

మమ్మల్నెవర్నీ అడగలేదు. అదే నాకు దెబ్బ. అందరం అన్నీ వేశామని ఐదో తేదీనే కాగితం మీద సంతకాలు పెట్టాం కదా, ఇక తప్పు తనదే అయ్యుంటుందనుకున్నాడు. నీళ్లు వడకట్టేటప్పుడు గుడ్డ జారిందేమో, కళ్లు మునుపటిలా లేవు అన్నాడు. క్లాసు అయ్యాక వెనక్కి వెళ్లి చూస్తే మోకాళ్ల మీద కూర్చుని తూములో చెయ్యి పెట్టి ఉన్నాడు. చొక్కా భుజం దాకా తడిసిపోయింది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. నేనూ వెతుకుతాను బాబాయ్ అని మాత్రం వచ్చింది.

గంటన్నర వెతికాను. లేనిచోట వెతకడం ఎంత నీచమైన పనో ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 17, సోమవారం

తూము గొట్టం విప్పించాడు. మేస్త్రీ నవ్వాడట, బియ్యపుగింజ కోసం ఇల్లు పడగొట్టేలా ఉన్నావని. బాబాయ్ నవ్వలేదు.

బాబాయ్ జేబులో మడిచిన కాగితం ఉంది. మేడమ్‌కు రాసుకున్నాడు. రాత బాగుందో లేదో చూడమని నాకే ఇచ్చాడు. నీకు మాటలు బాగా వచ్చు కదమ్మా అన్నాడు. నాలుగో బల్ల ఆయనది ఒక ఎముక నా అజాగ్రత్త వల్ల పోయింది, అప్పగింత రోజున వాళ్లకు నేనే చెబుతాను, ఆ తర్వాత మే దాకా ఆగకుండా ఉద్యోగం మానేస్తాను అని ఉంది.

ఒక కామా పెట్టి తిరిగి ఇచ్చాను. నా చేతులతో కామా పెట్టాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

సుద్దముక్క ఇచ్చేశాను.

పొద్దున్నే అమ్మ సుద్దబిళ్ల అంచు నుంచి సన్నటి పలుకు ఒకటి విరిచి, సూదితో గీకి, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టాను. కన్నం పెట్టబోతే విరిగింది. విరిగినా పర్వాలేదు, తొక్కితే ఎముకైనా విరుగుతుంది కదా అనుకున్నాను. ల్యాబ్‌లో బల్ల కాలి సందులో దొరికిందని చెప్పి రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాను. రెండు చేతులు ఎందుకు పెట్టానో తెలీదు. నాటకం కోసం కాదు. చేతులు వాటంతట అవే అలా వచ్చాయి.

బాబాయ్ దోసిలి పట్టాడు. కాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. దూది పరిచి సీసాలో పెట్టాడు. వేలికొనలు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. మంచినీళ్లు తాగివస్తానని బయటికి వెళ్లాడు.

ఆయన ఉద్యోగం మానడు. ఎవరికీ ఏమీ కాలేదు. పొడుగోడి లెక్క ప్రకారం ఈ రోజు నేను సంతోషంగా ఉండాలి.

ఫిబ్రవరి 20, గురువారం

ప్రయోగం చేశాను. సుద్దబిళ్లలో మిగిలిన సగాన్ని ఎదురుగా పెట్టుకున్నాను. ఇది ఎముక, ఇది ఆయన చెవి అని వంద సార్లు అనుకున్నాను. ఏమీ కాలేదు. సుద్దలాగే ఉంది. దాంతో అమ్మ నా ముందే ఎవరిదో జాకెట్టు మీద గీత గీసుకుంది.

ల్యాబ్‌లో సీసా వైపు మాత్రం చూడలేకపోతున్నాను. రెండూ ఒకే బిళ్లవి. ఆ ముక్కను ఒక మనిషి దోసిలి పట్టి అందుకున్నాడు, దీన్ని ఎవరూ అందుకోలేదు, అంతే తేడా. అలా అయితే పవిత్రత ఇచ్చిపుచ్చుకునేచోట పుడుతుందన్నమాట. అక్కడ నేను అబద్ధం పెట్టాను. అసలు ఎముక పోగొట్టినదాని కన్నా ఇది పెద్ద తప్పేమో. మొదటిది చేజారింది. ఇది చేతులారా చేసింది.

చెవి అలాగే ఉంది. ఫోను ఎడమవైపు పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

నోటీసు పెట్టారు. అప్పగింత శనివారం పది గంటలకు.

ఫిబ్రవరి 27, గురువారం

అమ్మకి చెప్పబోయాను. బల్ల మీద పెళ్లికూతురి బట్ట పరిచి ఉంది, తెల్లటిది, చాలా ఖరీదు. నా పక్కకు రాకు, దూరంగా నిలబడి చెప్పు అంది. దూరంగా నిలబడి ఆకలేస్తోందని చెప్పాను.

మార్చి 1, శనివారం, మధ్యాహ్నం

అంతా గుర్తున్నట్టే రాస్తాను. ఒక్క మాట కూడా అందంగా ఉండటం కోసం మార్చను.

సెమినార్ హాల్లో ఎనిమిది బల్లలు. ఒక్కో దాని మీద చెక్కపెట్టె, తెల్లగుడ్డ, పక్కన గాజుసీసా. నాలుగో పెట్టె కోసం ఒక్క ఆవిడే వచ్చింది. ఆయన అక్కగారు. డెబ్బై పైనే ఉంటాయి, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. ఆయన రేడియోలు బాగుచేసేవాడని ఆవిడ చెబితేనే తెలిసింది. పెళ్లి చేసుకోలేదు, మాటా తక్కువ, నా వంట కన్నా ఆ డబ్బాల గరగరే వాడికి ఇష్టం అంది. మేం నలుగురం వరసగా నిలబడ్డాం. ఒక్కొక్కరి ముఖమూ చూసి, మీకేనా మావాడు పాఠాలు చెప్పింది అంది. పొడుగోడు తల దించుకున్నాడు. వాడు అలా తల దించడం నేనెప్పుడూ చూడలేదు.

మేడమ్ సంతకం చేయించుకుంది. అక్కగారు సీసా అందుకోబోతుంటే బాబాయ్ ముందుకొచ్చాడు. జేబులోంచి ఆ కాగితం తీశాడు. నేను కామా పెట్టిన కాగితం. ఆయన దాన్ని చింపేయలేదు.

"అమ్మా, ఒక పొరపాటు జరిగింది. నా చేతుల్లోనే..." అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. అది ఎముక కాదని, నేను ఇచ్చిన రోజు నుంచే ఆయనకు తెలుసు.

నేను చెప్పేశాను. తీసుకెళ్లింది నేనని, పోయింది మా ఇంట్లోనని, సీసాలో ఉన్నది మా అమ్మ బట్టల మీద గీతలు గీసుకునే సుద్ద అని. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, కుదరలేదు. మేడమ్ ముఖం వైపు చూడలేదు. హాలంతా నిశ్శబ్దం. నా కుడివైపు ఆ నిశ్శబ్దం ఇంకా ఎక్కువగా ఉంది.

బాబాయ్ నా వైపు తిరిగాడు.

"ఎముక వేలికి అంటుకోదమ్మా, సుద్ద అంటుకుంటుంది. రెండు చేతులతో ఇచ్చావు కదా. ఆ చేతులే ఇంకో రోజు నిజం కూడా తీసుకొస్తాయనుకున్నాను."

మరి నేను చెప్పకపోయుంటే? అది నేను అడగలేదు. ఆయన చేతిలో కాగితం ఉంది కదా.

అక్కగారు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. రేడియోలు విప్పేటప్పుడు చిన్న స్క్రూ జారి కింద పడితే ఇంట్లో ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, నిలబడ్డచోటే నిలబడమనేవాడు అంది. ఒకసారి అలా ముప్పావుగంట ఒంటికాలి మీద నిలబడ్డానంది. అది చెబుతూ కొంచెం నవ్వింది. మరి దొరక్కపోతేనో అని పొడుగోడు అడిగాడు. వాడికి అప్పుడు కూడా సమాధానం కావాలి.

"వేరే స్క్రూ వేసేవాడు. రేడియో పాడేది." సీసా మూత గట్టిగా బిగించింది. "పాడినా సరే, పోయినదాని కోసం వెతకడం మాత్రం మానేవాడు కాదు. మంచం కింద టార్చ్‌లైట్ వేసుకుని, వారాలకి వారాలు. నువ్వూ మానకు, తెలిసిందా?"

సీసాను బుట్టలో పెట్టుకుంది. సుద్దని తీసేయమంటారా అని మేడమ్ అడిగితే ఉండనివ్వండి, ఇన్ని రోజులు వాడి పక్కన ఉంది కదా అంది. పెట్టెను బాబాయ్, పొడుగోడు ఆటో దాకా మోశారు. నేను పట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు. నేనే చెయ్యి వేయలేకపోయాను.

మార్చి 3, సోమవారం

ఆరు వారాలు ల్యాబ్‌కి రాకూడదు. ఫైల్లో ఒక ఉత్తరం ఉంటుంది, డిగ్రీ అయ్యేదాకా. మేడమ్ ఇంకా పెద్ద శిక్ష వేయాలనుకుందట, బాబాయ్ ఏదో చెప్పాడట. ఏం చెప్పాడో ఎవరూ చెప్పలేదు. ఆయన ఉత్తరాన్ని మేడమ్ తీసుకోలేదు. మే దాకా ఉంటాడు.

అసైన్‌మెంట్ తిరిగి ఇచ్చారు. పోగొట్టకముందు రాసిన ఆ రెండు వాక్యాల కింద మేడమ్ ఎర్ర గీత గీసింది. మార్కులు వేయలేదు.

పొడుగోడు బస్సు దాకా వచ్చాడు. పవిత్రత బుర్రలో ఉంటుందన్న మాట వెనక్కి తీసుకోవడం లేదన్నాడు. కాకపోతే అది ఒక్కడి బుర్రలో ఉండదేమో, అందుకే ఒక్కడు వద్దనుకుంటే పోదేమో అన్నాడు. బస్సు కదిలింది, ఇంకా ఏదో అన్నాడు. వాడు నా కుడి చెవి వైపు ఉన్నాడు. వినబడలేదు.

అమ్మకి మాత్రం ఇంకా తెలీదు. శిక్షని సెలవులు అని చెప్పాను. రోజూ తను బయటికి వెళ్లగానే టార్చ్‌లైట్ తీస్తున్నాను. దొరకదని తెలుసు. దొరుకుతుందేమోనన్న భయం కూడా ఉంది. పెట్టె వెళ్లిపోయింది, వాళ్లు సాగనంపేసి ఉంటారు. ఇప్పుడు దొరికితే అది ఎవరిది?

మార్చి 9, ఆదివారం

మిషను పెడల్ కీలు దగ్గర, నూనె మడ్డిలో దొరికింది. మధ్యలో కన్నం ఉంది.

నా కుడి చెవి ఇంకా మూసుకునే ఉంది. అరచేతిలో ఉన్నది మాత్రం తెరిచే ఉంది.

అరచేతిలో ఏంటే అది అని గుమ్మంలోంచి అమ్మ అడిగింది. ఆ చెవి వింటుండగా అబద్ధం చెప్పలేకపోయాను.